కంప్యూటరు ఎలుక అలిగితే...



గ్యాసు పొయ్యి వెలగకపోతే మనం ఏం చేస్తాం? ముందు సిలిండరు మీట తిప్పి ఉందో లేదో చూస్తాం. తర్వాత గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూస్తాం. అదీ బాగానే ఉంటే, పాలు పొంగి బర్నరు బెజ్జాలు పూడిపోయాయేమోనని పిన్నీసుతో పొడిచి చూస్తాం. ఇదంతా మనకి ఏ బళ్ళోనూ చెప్పలేదు. అయినా ఒక వరస ప్రకారం వెతుక్కుంటూ వెళతాం, పొయ్యి వెలిగిస్తాం. అదే కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు చేతికింది మౌసు కదలడం మానేసిందనుకోండి, చప్పున చెయ్యి వెనక్కి తీసేసుకుంటాం. "నేనేం చెయ్యలేదు, దానంతటదే ఆగిపోయింది" అంటాం. పొయ్యి దగ్గర ఉన్న ధైర్యం ఇక్కడ ఎటు పోతుందో తెలియదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మొన్న వేసవిలో బోధన్‌లో మా చెల్లెలింట్లో ఒక సంగతి జరిగింది. మా చెల్లెలి కూతురు ఇంటర్ పాసైంది. మన రాష్ట్రంలో 2016 నుంచి డిగ్రీ కాలేజీల ప్రవేశాలకి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది కదా, అందులో ఏ కాలేజీ ముందు, ఏ కాలేజీ తర్వాత అని వరసగా ఎంచుకోవాలి. ఆ పిల్లకి నిజామాబాదు గిరిరాజ్ కాలేజీలో చేరాలని కోరిక. ఆ రాత్రితో గడువు ఆఖరు. ఫోనులో చేద్దామంటే ఆ పొడుగాటి జాబితా చిన్న తెరమీద తికమకగా ఉందని కంప్యూటరు ముందు కూర్చుంది. సగం నింపేసరికి మౌసు మొరాయించింది. తెరమీది బాణం ఒకచోట నిలబడిపోతుంది, ఉన్నట్టుండి మూలకి దూకుతుంది. పిల్ల కళ్ళలో నీళ్ళు. రాత్రి ఎనిమిది దాటింది.

మా చెల్లెలి భర్త మంచివాడే. కాని ఆ కంగారులో ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది: "పొద్దుగాల దాక మంచిగనే ఉండె. ఆ టేబులు సదురుమని నీకెవరు చెప్పిన్రు? నువ్వు ముట్టినవ్, అది ఖరాబైంది." అని, కొత్త మౌసు దొరుకుతుందేమో చూస్తానని స్కూటరు తీసుకుని బయలుదేరాడు. మా చెల్లెలు నోరెత్తలేదు. ఆ పూట టేబులు సర్దిన మాట నిజమే మరి. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

మంచం మీద పడుకున్న మా చెల్లెలి మామగారు లేచి కూర్చున్నారు. ఆయన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. 1937లో పుట్టి, ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరుబడిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిందని మీకు తెలుసు. ఫ్యాక్టరీ పోయినా ఆయన బుర్రలోంచి దాని నడక పోలేదు. ఆయనన్నారూ, "సంచిల చక్కెర పడ్తలేదంటే సంచి కాడ నిలబడి చూస్తే ఏమొస్తది బిడ్డా? చెరుకు కాడికెల్లి చూసుకుంట రావాలె. యాడ ఆగిందో ఆడ దొరుకుతది."

ఎంత మంచి మాట! చెరుకు గానుగలోకి పోతుంది, రసమవుతుంది. రసం సున్నంతో తేరుతుంది, కాగుతుంది, చిక్కబడుతుంది, పలుకు కడుతుంది. ఆఖరికి మరలో గిర్రున తిరిగి మడ్డి ఒకవైపు, చక్కెర ఒకవైపు అవుతాయి. నడుమ ఎక్కడ ఆగినా సంచీలో చక్కెర పడదు. మౌసు కూడా అంతే. మన చెయ్యి కదలడం చెరుకు అనుకుంటే, తెరమీద బాణం కదలడం చక్కెర. ఈ రెంటి నడుమా ఏమేం ఉన్నాయో తెలిస్తే సగం రిపేరు అయినట్టే.

తీగలేని మౌసులో ముఖ్యంగా నాలుగున్నాయి. ఒకటి కడుపు, అంటే సెల్లు. రెండు కన్ను, అడుగున ఉంటుంది. మూడు నోరు, అంటే లోపలున్న చిన్న రేడియో యంత్రం. నాలుగోది మౌసులో ఉండదు, కంప్యూటరుకి గుచ్చి ఉంటుంది. వేలిగోరంత ముక్క, రిసీవరంటారు, డాంగిలని కూడా అంటారు. అది చెవి. కడుపు నిండి ఉంటే కన్ను చూస్తుంది, కన్ను చూసింది నోరు చెబుతుంది, నోరు చెప్పింది చెవి వింటుంది, అప్పుడు బాణం కదులుతుంది.

ముందు కన్ను సంగతి చెబుతాను, అదే అన్నిట్లోకీ చిత్రం. ఈ పరికరాన్ని అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహిస్తే, బిల్ ఇంగ్లిష్ అనే సహోద్యోగి 1964లో మొదటిది చేసిపెట్టాడు. అది చెక్క పెట్టె, కింద రెండు చక్రాలు, తోకలాగా ఒక తీగ. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని నలుగురికీ చూపించారు. తర్వాత చక్రాలు పోయి రబ్బరు బంతి వచ్చింది. పాతికేళ్ళ కిందట కంప్యూటరు నేర్చుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. మౌసు కదలకపోతే బంతి ఊడదీసి, లోపలి రూళ్ళకి పట్టిన మురికిని గోటితో గీకేవాళ్ళం. ఇప్పటి మౌసులో బంతి లేదు. చిన్న దీపం, దాని పక్కన చిన్న కెమెరా ఉంటాయి. దీపం ఏటవాలుగా టేబులు మీద పడుతుంది. సాయంత్రపు ఏటవాలు ఎండలో దుక్కి చాళ్ళు ఒక్కొక్కటీ ఎలా కనబడతాయో, అలా ఆ వెలుగులో టేబులు మీది గరుకు అంతా నీడలు కట్టి కనబడుతుంది. కెమెరా సెకనుకి వెయ్యికి పైగా బొమ్మలు తీస్తూ, ముందు బొమ్మకీ వెనక బొమ్మకీ పోల్చి చూసి, ఎటు ఎంత జరిగిందో లెక్కగడుతుంది. నునుపైన చోట గరుకు లేదు, నీడ లేదు. పోల్చుకోడానికి ఏమీ దొరక్క దానికి దారి తప్పుతుంది.

ఇక మా చెల్లెలింటి కథకి వద్దాం. నేను ఆ పిల్లతో, "ఏడవకు గాని, బటను నొక్కి చూడు, పని చేస్తోందా?" అన్నాను. నొక్కింది. "చేస్తుంది పెద్దమ్మా. బాణం ఎక్కడుంటే అక్కడ నొక్కుతుంది." చూశారా, ఈ ఒక్క జవాబుతో ఎంత తేలిపోయిందో! బటను నొక్కిన కబురు తెరదాకా చేరిందంటే కడుపు నిండి ఉన్నట్టే, నోరూ చెవీ పనిచేస్తున్నట్టే. మిగిలింది కన్ను. మౌసు తిరగేసి చూశాం. దీపం వెలుగుతోంది, వెంట్రుకలూ దుమ్మూ లేవు. మరి అది చూసే చోటు? నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, మా చెల్లెలే గబుక్కున అంది, "అక్కా, అద్దం!"

అదీ అసలు సంగతి. ఆ పూట టేబులు సర్దినప్పుడు, పిల్లల ఫొటోలు వరసగా పేర్చి, వాటిమీద కొత్త అద్దం పరిచింది. చూడముచ్చటగానే ఉంది. కాని మామూలు మౌసు కన్నుకి అద్దం అంటదు. పిల్ల లాంగ్ నోటుబుక్కు అద్దం మీద పెట్టి, దానిమీద మౌసు పెట్టాం. బాణం బుద్ధిగా నడిచింది. అరగంటలో కాలేజీల వరస నింపి సేవ్ చేసేసింది.

తర్వాత ఆయన వచ్చాడు, దుకాణాలు మూసేశారని. సంగతంతా విని, "అంటే నేనన్నదే గద, అద్దం ఏసింది ఈమెనే గద" అని నవ్వాడు. నిజమే, కాదనను. ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న, ఎక్కడ ఆగిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఆయనకి ఎనిమిది గంటలకే దొరికింది. దానివల్ల బాణం కదల్లేదు. రెండోదానికి జవాబు వెతికింది మా చెల్లెలు. అద్దం వేసిన మనిషే అద్దాన్ని అనుమానించగలిగింది. తిట్టు పడుతుందని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో!

అందుకని మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే వరసగా ఏమేం చూసుకోవాలో చెబుతాను.

మొదట ఇప్పుడు చెప్పిన పరీక్షే చెయ్యండి. బాణం కదలకుండా బటను మాత్రం పనిచేస్తుంటే కన్ను చూడండి. అద్దం, పాలరాయి, తళతళలాడే సన్‌మైకా ఉంటే మీద కాగితమో, పుస్తకమో, దళసరి గుడ్డో వెయ్యండి. కన్ను గుంటలో వెంట్రుక ఉంటే నోటితో ఊది, పొడి దూదితో తుడవండి. నీళ్ళు పొయ్యవద్దు. మరొక మాట. కొన్ని మౌసుల దీపం మన కంటికి కనబడని రకం, కాబట్టి ఎర్రవెలుగు లేనంత మాత్రాన చచ్చిందనుకోకండి. వెలుగుతున్నదాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని తేరిపార చూడకండి.

బాణమూ కదలక, బటనూ పలక్కపోతే కడుపు చూడాలి. అడుగున చిన్న మీట ఉంటుంది, తుడిచినప్పుడు అది ఆఫ్ వైపు జరిగిపోతూ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మూత తీసి సెల్లు చూడండి. ప్లస్సూ మైనసూ సరిగా ఉన్నాయా? రెండు సెల్లులు పట్టే మౌసైతే ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ కలపకండి. చాలామంది ఏం చేస్తారంటే, టీవీ రిమోటులో పనిచేస్తున్న సెల్లు తీసి ఇందులో వేస్తారు, అయినా కదలకపోతే మౌసే పోయిందంటారు. రిమోటుకి నొక్కిన క్షణం మాత్రమే కాస్త కరెంటు చాలు. మౌసు మనం పనిచేసినంతసేపూ దీపం వెలిగించుకుని మాట్లాడుతూనే ఉండాలి. రిమోటుకి సరిపోయిన ముసలి సెల్లు దీనికి సరిపోదు. అందుకని దుకాణం నుంచి తెచ్చిన కొత్త సెల్లుతోనే పరీక్ష చెయ్యండి.

మన చిన్నతనంలో ట్రాన్సిస్టరు సెల్లులు అయిపోతే గోడమీద ఎండలో పెట్టేవాళ్ళం, ఇంకో రెండు పాటలు వినిపిస్తాయని. ఇప్పటి ఆల్కలైన్ సెల్లులతో ఆ పని చెయ్యకూడదు. వేడికి కారిపోతాయి. ఒక్కోసారి వాడకుండా నెలల తరబడి ఉంచినా కారి, స్ప్రింగు మీద తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం, చేతికి మంట పుట్టిస్తుంది. ఉత్త చేత్తో ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టనివ్వకండి. పుల్లకి దూది చుట్టి, ఒక్క చుక్క నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిచి, తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచి బాగా ఆరనివ్వండి. తుప్పు మరీ తినెయ్యకపోతే మళ్ళీ పనిచేస్తుంది. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు సెల్లు తీసి పెట్టి వెళితే ఈ బెడదే ఉండదు. సెల్లు లేకుండా ఛార్జింగు పెట్టుకునే మౌసైతే అరగంట ఛార్జి పెట్టి చూడండి, అప్పటికీ లేవకపోతే వేరే కేబులుతో పెట్టండి.

కడుపూ కన్నూ బాగున్నాయి, అయినా బాణం తడబడుతోంది, బటను కూడా ఒకసారి పలికి ఒకసారి పలకడం లేదు. అప్పుడిక నోరూ చెవీ చూడాలి. ఇక్కడ మన రేడియో సంగతే ఉంది. హైదరాబాదు కేంద్రాన్ని మనం మీడియం వేవులో 738 కిలోహెర్ట్జ్ మీద వింటూ పెరిగాం. అంటే తరంగం సెకనుకి 7 లక్షల 38 వేలసార్లు ఊగుతుందన్నమాట. మౌసు కూడా అలాంటి రేడియో స్టేషనే. కాకపోతే దానికి శ్రోత ఒక్కటే, ఆ రిసీవరు. దాని తరంగం సెకనుకి 240 కోట్లసార్లకి పైగా ఊగుతుంది. చాలా వైఫైలూ, బ్లూటూతులూ, మైక్రోవేవ్ పొయ్యీ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కార్తీక పౌర్ణమినాడు గుళ్ళో పక్కవాళ్ళ మాట వినబడనట్టు, ఆ సందడిలో మౌసు గొంతు చెవికి అందకపోవచ్చు. పైగా దాని గొంతు చిన్నది. అడ్డేమీ లేకపోతే పది మీటర్లు, ఇనప డబ్బా అడ్డముంటే మూరెడు దూరం కూడా కష్టమే.

మనం చేసే పని ఏమిటంటే, సీపీయూ డబ్బా టేబులు కింద అరలో తోసి, రిసీవరు దాని వీపున గుచ్చుతాం. పక్కనే ఇంకో హార్డ్ డిస్కో, పెన్‌డ్రైవో పెడతాం. నీలిరంగు పోర్టుల్లో వేగంగా నడిచే పరికరాలు సరిగ్గా మౌసు మాట్లాడే చోటే రొద పుట్టిస్తాయి. కాబట్టి రిసీవరు తీసి ముందువైపు పోర్టులో పెట్టండి, వైఫై డబ్బాని కాస్త దూరం జరపండి. మౌసుని రిసీవరుకి జానెడు దూరంలోకి తెచ్చి చూడండి. దగ్గర బాగా పనిచేసి దూరంలో తడబడితే రోగం ఇదే. ముందు పోర్టు లేకపోతే చిన్న ఎక్స్‌టెన్షన్ తీగ కొని రిసీవరుని టేబులు మీదికి తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి, ఒక మౌసు రిసీవరు మామూలుగా ఇంకో మౌసు మాట వినదు. ఇంట్లో రెండు మౌసులుంటే జతలు తారుమారు కాకుండా రంగుదారం కట్టుకోండి. కొత్త మౌసు కొన్నప్పుడు రిసీవరు చాలాసార్లు సెల్లు అరలోనే దాక్కుని ఉంటుంది. అది చూడక పెట్టె చెత్తలో వేసి లబోదిబోమన్నవారు ఉన్నారు. అసలు రిసీవరే లేని బ్లూటూత్ మౌసైతే, కంప్యూటరు సెట్టింగుల్లో దాని పేరు తీసేసి మళ్ళీ కొత్తగా జత చెయ్యాలి.

అన్నీ చూశాక కూడా తేలకపోతే, మౌసుని పక్కింటి కంప్యూటరుకి పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే తప్పు మౌసుది కాదు, మీ కంప్యూటరుది. దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. మౌసు లేకుండా ఆపడమెలా అంటారా? కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కండి. వచ్చిన తెరమీద ట్యాబ్ మీటతో పవరు గుర్తుదాకా వెళ్ళి ఎంటర్ నొక్కండి. బాణం మీటలతో రీస్టార్ట్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఎంటర్ నొక్కితే సరి. కాని సగం నింపిన ఫారం తెరమీద ఉంటే మాత్రం అది సేవ్ చెయ్యకుండా ఆపకండి.

ఫారం నింపడానికి కూడా మౌసే దిక్కనుకోనక్కరలేదు. ట్యాబ్ నొక్కితే ఒక గడినుంచి ఇంకో గడికి పోతుంది. షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి వస్తుంది. జాబితాలో పైకీ కిందికీ బాణం మీటలు, టిక్కు పెట్టడానికి స్పేస్, ఆఖరున ఎంటర్. ఈ నాలుగు మీటలూ పిల్లలకి ముందే నేర్పి పెట్టండి. గడువు రాత్రి అక్కరకొస్తాయి.

కొన్ని జబ్బులకి మందు లేదు. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు అవుతోందంటే, బటను కిందున్న సన్నటి లోహపు రేకు అరిగిందని అర్థం. కొన్నాళ్ళు గడుపుకోవాలంటే సెట్టింగుల్లో ఎడమ బటను పని కుడిదానికి అప్పజెప్పుకోవచ్చు. చాయి ఒలికితే వెంటనే సెల్లు తీసేసి, బోర్లించి, రెండురోజులు నీడన ఆరనివ్వండి. అసలే మనది చక్కెర సీమ, చాయిలో తీపి ఓ చెంచా ఎక్కువే. నీరు ఆరినా పాకం ఆరదు, బటను అంటుకుపోతుంది, చీమలూ పడతాయి. అటువంటిదానికి కొత్తది కొనడమే మేలు. పాత సెల్లుల్ని మాత్రం ఆకులు తగలబెట్టే మంటలో వెయ్యకండి, పేలతాయి. ఒక డబ్బాలో పోగుచేసి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇవ్వండి.

చూశారుగా, ఇందులో స్క్రూడ్రైవరు పట్టాల్సిన పని ఒక్కటీ లేదు. తిరగేసి చూడటం, తుడవడం, ఒకచోటు నుంచి తీసి ఇంకోచోట పెట్టడం, ఇవన్నీ మనం రోజూ చేసేవే. ఈసారి మీ ఇంట్లో ఏ వస్తువు ఆగినా "ఎవరు ముట్టారు?" అనే మాట వినబడగానే పక్కకి తప్పుకోకండి. "ఉండండి, ఎక్కడ ఆగిందో చూద్దాం" అని దగ్గరికి వెళ్ళండి. మీ ఆడపిల్లలు చూస్తూ ఉంటారు.

మా చెల్లెలి టేబులు మీద అద్దం ఇప్పటికీ ఉంది. దానిమీద, ఒక మూలగా, పాత లాంగ్ నోటుబుక్కు అట్ట ఒకటి అతికించుకుంది. మౌసు దానిమీద హాయిగా తిరుగుతోంది. పిల్ల గిరిరాజ్‌లో చేరింది.

సెలవు.